నడివయసులో బరువులెత్తవచ్చా?

ప్రశ్న: నా వయస్సు 47. ఎత్తు అయిదడుగులు, బరువు 64 కిలోలు. మాది ధర్మవరం దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి అనంతపురంలోనే వుంటున్నాం. ఒక ఆఫీసులో గుమాస్తా పని చేస్తున్నాను. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మూడేళ్లుగా షుగరుకు మాత్రలు మింగుతున్నాను. బి.పి. లేదు. కాన్పులు రెండు, రెండూ మామూలువే.

కిందటేడు మా అత్తమ్మ బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది గాని, ఇప్పటికీ ఒకరు పట్టుకోనిదే మంచం దిగలేరు. ఆమెను లేపి కూర్చోబెట్టేది నేనే. ఈమధ్య ఆ పని చేసేటప్పుడు నా నడుం పట్టేస్తోంది. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నాను. ఇంకో ఇరవయ్యేళ్లకు నా గతీ ఇంతేనా అని భయం పట్టుకుంది.

మా వీధి చివర ఒక జిమ్ములో సాయంకాలం ఆడవాళ్లకు బరువుల క్లాసు పెట్టారు. పదిహేనుమంది కలిసి, పాటలు పెట్టుకుని, రాడ్లకు ప్లేట్లు తగిలించి ఎత్తుతారు. ఒకరోజు వెళ్లాను. అందరూ చేస్తున్నారు గదా అని నేనూ చేశాను. మర్నాడు కొంచెం నొప్పులు. మూడోరోజు మెట్లు దిగలేకపోయాను. "ఈ వయసులో నీకు ఇదంతా యాలమ్మా, గర్భసంచి జారితే ఎవరు చూస్తారు?" అంటున్నారు అత్తమ్మ. "నడిస్తే చాలదా, దానికి డబ్బు కట్టాలా?" అంటున్నారు మా వారు. నన్ను వెళ్లమంటారా, మానమంటారా?

— ఒక సోదరి, అనంతపురం

జవాబు: సోదరీ, వెళ్లండి. అయితే మొదటిరోజు వెళ్లిన పద్ధతిలో మాత్రం కాదు. ఎందుకు వెళ్లాలో, ఎలా చేయాలో, ఎవరు చేయకూడదో ఒక్కొక్కటే చెబుతాను. మీ అత్తమ్మ గారికీ, మీ వారికీ కూడా ఇది చదివి వినిపించండి.

బిందె దిగింది, బలమూ దిగింది

ముందు మిమ్మల్ని ఒక సంగతి అడుగుతాను. చిన్నతనంలో మీ పల్లెలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? చేదబావి నుంచో, బోరింగు నుంచో చంకన ఒక బిందె, చేతిలో ఒక బిందె మోసుకొచ్చి వుంటారు. 15 లీటర్ల బిందె నిండా నీళ్లు వుంటే, బిందె బరువు కాక నీళ్లే 15 కిలోలు. ఆడవాళ్ల పోటీల్లో వాడే ఇనపరాడ్డు బరువు కూడా సరిగ్గా 15 కిలోలే! ఆ లెక్కన మీరు పదేళ్ల వయసు నుంచే రోజూ బరువులెత్తినవారు. ఎటొచ్చీ దానికి పాటలూ లేవు, ఫీజూ లేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన మన మెట్టసీమలో నీళ్లు మోయడం ఆడవాళ్ల వంతే అయింది. 1995లో మొదలైన సత్యసాయి మంచినీటి పథకం, ఆ తర్వాత వచ్చిన కుళాయిలు ఆ మోత చాలావరకు తగ్గించాయి. ఇది నూటికి నూరుపాళ్లు మంచిదే. ఎప్పుడూ ఒకే పక్క చంకన, అర్ధాకలి కడుపుతో, నిండు నెలల్లో కూడా మోసిన ఆ బిందెలు ఎందరి నడుములు విరిచాయో నా వంటి వైద్యులకు తెలుసు. ఆ రోజులే మేలని నేను అనను.

కాని బిందె దిగింది. తిరగలి పోయి మిక్సీ వచ్చింది. రుబ్బురోలు పెరట్లో బోర్లా పడింది. కింద కూర్చుని చేసే వంట నిలబడి చేసే వంటయింది. మోత పోయినా కండకు మాత్రం పని కావాలి. పని లేని కండ కరిగిపోతుంది. ముప్ఫై ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. అద్దంలో ఇది కనిపించదు. ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది, తూకం మారదు. కింద కూర్చుని లేవలేకపోయిన రోజున మాత్రం తెలుస్తుంది. మీకు ఇప్పుడు తెలిసింది అదే.

మీ అత్తమ్మ తుంటి విరగడానికి బాత్‌రూములో తడి ఒక్కటే కారణం కాకపోవచ్చు. కాలు జారినప్పుడు పడకుండా మనల్ని నిలబెట్టేది తొడకండ. అది సన్నబడితే చిన్న జారుడు కూడా పెద్ద ప్రమాదం అవుతుంది. ఎముక కూడా గుల్లబారి వుంటే ఇక చెప్పేదేముంది!

నడక చాలదా?

మీ వారి ప్రశ్న సరయిందే. నడక మంచిది. గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకు కూడా మంచిది. మానవద్దు. కాని నడక తొడకండ కరగకుండా ఆపలేదు. భుజాలకు, చేతులకు, వీపుకు అది చేసే మేలు మరీ తక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహాలో రెండూ చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడక వంటిది ఒకటి. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం రెండోది. మనలో చాలామంది మొదటి సగం విని ఇంటికి వెళ్లిపోయారు.

బరువుతో చికిత్స చేయడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లు దెబ్బతిన్న సైనికుల చేత అమెరికా సైనిక వైద్యుడు డిలార్మ్ కొద్ది కొద్దిగా బరువు పెంచుతూ ఎత్తించాడు. కండ తిరిగి రావడం చూసి 1945లో ఆ సంగతి ప్రకటించాడు. ఈనాటి ఫిజియోథెరపీలో చాలా భాగానికి అదే పునాది.

1990లో బోస్టన్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఒక ప్రయోగం జరిగింది. తొంభై ఏళ్ల చుట్టూ వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లకు మించిందన్నమాట! ఇద్దరైతే చేతికర్ర వదిలేసి నడిచారు. తొంభై ఏళ్లకే ఆలస్యం కానప్పుడు 47 ఏళ్లకు ఆలస్యమెలా అవుతుంది?

ఎముక సంగతి కూడా వినండి. ఆస్ట్రేలియాలో ముట్లుడిగి, ఎముక పలచబడిన 101 మంది స్త్రీలను తీసుకున్నారు. కొందరి చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులెత్తించారు. పక్కనే శిక్షకుడు వుండి చేయించాడు. మిగతావారు ఇంటివద్దే తేలిక వ్యాయామం చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. బరువులెత్తిన వారి వెన్నెముక గట్టిపడింది, రెండో జట్టుకు ఇంకా పలచబడింది. బరువు పడితేనే ఎముక బలపడుతుంది. మంచం పట్టిన వారికి ఎముక గుల్లబారేది కూడా ఇందుకే.

ఇక మీ షుగరు. అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని దాచుకునే గాదె కండే. గాదె చిన్నదైతే గింజలు బయట పడివుంటాయి. పని చేసిన కండ ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. బరువులెత్తితే మాత్రలు మానేయవచ్చని కాదు సుమా! మాత్రల పని సులువవుతుంది.

నేనూ ఒకరోజు వెళ్లాను

మీ ఉత్తరం చదివాక ఒక తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లుగా రోగులకు "వ్యాయామం చేయండి" అని చీటీ మీద రాసిస్తున్నవాడినే గాని, నా 61 ఏళ్లలో ఇనపరాడ్డు ముట్టి ఎరగను. రాసే మందులన్నీ మేం రుచి చూడలేం. ఇది చూడగలిగిందే గనుక మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి చేసే ఒక క్లాసుకు వెళ్లాను.

రేకుల కప్పు కింద పన్నెండు మందిమి. కాలేజీ పిల్లలు నలుగురు. బ్యాంకులో రిటైరయిన ఒక పెద్దాయన. ఉగ్గాని, బజ్జీ అమ్మే ఒకామె చీర మార్చుకుని చుడీదారులో వచ్చింది. శిక్షకుడు ఇరవై అయిదేళ్ల కుర్రాడు. "మొదటిరోజు ఒట్టి రాడ్డుతో చేద్దాం సార్" అన్నాడు. నా పక్కన పెద్దాయన రెండు వైపులా అయిదేసి కిలోల ప్లేట్లు తగిలించుకున్నాడు. ఆయన కంటే నేను చిన్నవాణ్ణే గదా! నేనూ తగిలించాను.

మొదటి పాట బాగానే గడిచింది. రెండో పాటలో రాడ్డు భుజాల మీద పెట్టుకుని గుంజీళ్లు. పద్నాలుగో గుంజీకి నా తొడలు గాలికి ఊగే సజ్జకంకుల్లా వణికాయి. ఆ కుర్రాడు ఏమీ అనకుండా వచ్చి రెండు ప్లేట్లూ తీసి పక్కన పెట్టాడు. ఉగ్గాని ఆమె మాత్రం నవ్వు ఆపుకోలేక, "మీరు చెప్పే మాటే గద సార్, మెల్లమెల్లగా అని!" అంది. తర్వాత తెలిసింది, ఆ పెద్దాయన రెండేళ్లుగా వస్తున్నాడు.

మూడోరోజు నేను కూడా గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి మెట్లు దిగాను. అంచేత మీ బాధ నాకు తెలియదనుకోకండి. మీరూ నేనూ చేసిన తప్పు ఒకటే. పక్కవాళ్ల రాడ్డు చూశాం. పదిమందిలో చేస్తే ఉత్సాహం వస్తుంది, మానకుండా వెళ్లబుద్ధవుతుంది. ఇది గుంపు క్లాసులోని గొప్ప మేలు. పదిమందిని చూసి మన కొలత మరిచిపోవడమే అందులోని కీడు.

ఇంకొక మాట. పేరు ఒకటే గాని బరువులెత్తడంలో రకాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. అది ఏళ్ల తరబడి తపస్సు. మీరు వెళ్లే క్లాసు వేరు. పాటకు అనుగుణంగా తేలిక బరువును ఎక్కువసార్లు ఎత్తే ఈ పద్ధతి 1990ల తొలినాళ్లలో న్యూజిలాండ్‌లో బయలుదేరి దేశదేశాలకు పాకింది. ఇక్కడ పతకాలు లేవు. కింద కూర్చుని చెయ్యి ఆనకుండా లేస్తే అదే మీ పతకం.

మొదటి నెల ఎలా చేయాలి?

1. పది నిమిషాలు ముందే వెళ్లండి. మీ వయసు, షుగరు, నడుం నొప్పి శిక్షకునికి చెప్పండి. వినే ఓపిక లేని శిక్షకుడైతే ఆ క్లాసు మీకు తగింది కాదు.

2. అయిదు నుంచి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వండి. నిలబడి నడక, చేతులు తిప్పడం, బరువు లేకుండా నాలుగు గుంజీళ్లు.

3. మొదటి రెండు వారాలు ఒట్టి రాడ్డు, లేదా ఒట్టి కర్ర. నేర్చుకోవలసింది బరువు కాదు, పద్ధతి. రాడ్డు బరువెంతో అడిగి తెలుసుకోండి. క్లాసుల్లో వాడేవి తేలికగానే వుంటాయి గాని, కొన్ని జిమ్ముల్లో ఒట్టి రాడ్డే 20 కిలోలు వుంటుంది.

4. కింది నుంచి ఎత్తేటప్పుడు నడుం వంచి లాగవద్దు. రాడ్డును కాళ్లకు దగ్గరగా వుంచుకుని, తుంటి వెనక్కి నెట్టి, మోకాళ్లు వంచి, వీపు పలకలా నిటారుగా పెట్టి, కాళ్ల బలంతో లేవండి. అత్తమ్మను మంచం మీది నుంచి లేపేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ముందు ఆమెను మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు ఆనించి, మీరు దగ్గరగా నిలబడి లేపండి. దూరం నుంచి వంగి లాగబట్టే మీ నడుం పట్టేస్తోంది.

5. ఊపిరి బిగబట్టవద్దు. బిగబడితే బి.పి. ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చుకోండి.

6. సరయిన బరువు ఏది? పది పన్నెండుసార్లు ఎత్తితే చివరి రెండు మూడుసార్లు కష్టంగా వుండాలి, కాని పద్ధతి చెడకూడదు. పాట అయిపోలేదని పద్ధతి చెడినా లాగవద్దు. రాడ్డు కింద పెట్టి నిలబడండి. అది అవమానం కాదు.

7. సులువనిపించాకే బరువు పెంచండి. అదీ ఒకటి రెండు కిలోలు మాత్రమే.

8. వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో కనీసం రెండు రోజుల విరామం వుండాలి. కండ పెరిగేది జిమ్ములో కాదు, విరామంలో.

ఏ నొప్పి మంచిది, ఏది కాదు?

అలవాటు లేని పని చేసినప్పుడు కండల్లో సన్నటి పోగులు దెబ్బతిని, అవి మానే క్రమంలో నొప్పి వస్తుంది. ఇది చేసిన రోజున కాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా వుండి, దానంతటదే పోతుంది. "లాక్టిక్ ఆసిడ్ పేరుకుంది" అనే మాట తప్పు. అది గంటలోపే పోతుంది. ఈ నొప్పికి మందులు అక్కర్లేదు. మెల్లగా నడవండి, వేణ్నీళ్లు పోసుకోండి, నిద్రపోండి. తేలికగా మొదలుపెట్టి మానకుండా చేస్తే రెండో వారం నుంచి ఇంత నొప్పి వుండదు.

కాని కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఊరుకోకూడదు. కండ వాచి, బాగా నీరసించి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చితికిన కండలోని పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మొదటిరోజే మితిమీరి చేసినవారికి, అందులోనూ ఎండల్లో నీళ్లు తాగకుండా చేసినవారికి ఈ ప్రమాదం వుంది. అరుదే గాని ప్రాణాంతకం. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, నడుం నుంచి కాలిలోకి తీగలాగినట్లు జాలు, కాలు తిమ్మిరి, కీలులో గుచ్చినట్లు నొప్పి — వీటికి కూడా వైద్యుణ్ణి కలవాలి.

గర్భసంచి జారుతుందా?

అత్తమ్మ గారి భయం గాలిలోంచి పుట్టలేదు. కాన్పయిన పదోరోజే బిందెలెత్తి, మట్టి తట్టలు మోసిన తరంవారు ఆమె. అప్పటికి కటి కింది కండలు ఇంకా గట్టిపడవు. అటువంటి మోతతో గర్భసంచి జారినవారిని ఆమె కళ్లారా చూసే వుంటారు. మీ సంగతి వేరు. కాన్పులై చాలాకాలమయింది. అయినా ఒకసారి స్త్రీల డాక్టరుకు చూపించుకోండి. కింద బరువుగా లాగుతున్నట్లున్నా, ఏదో జారినట్లు తగిలినా, దగ్గితే మూత్రం పడుతున్నా, ముందు దానికి చికిత్స, కటి కండల వ్యాయామం. తర్వాతే బరువులు. అవేమీ లేకపోతే ఊపిరి వదులుతూ తేలిక బరువుతో మొదలుపెట్టడానికి అభ్యంతరం లేదు.

"మగవాళ్లలా కండలు తిరుగుతాయా?" అని కూడా కొందరు అడుగుతుంటారు. అంత కండ పెరగడానికి కావలసిన హార్మోను ఆడవారిలో బహు స్వల్పం. వారానికి రెండుసార్లు తేలిక బరువులెత్తితే ఒళ్లు గట్టిపడుతుంది, అంతే. ఆ మాటకొస్తే మగవాళ్లకు కూడా కండలు అంత సులువుగా తిరగవు. నన్ను చూసినవారెవరైనా చెబుతారు!

ముందు పరీక్ష చేయించుకోవలసిన వారు

బి.పి. 180/110 దాటినవారు అది అదుపులోకి వచ్చేదాకా మొదలుపెట్టకూడదు. గుండెజబ్బు వున్నవారు, వరిబీజం కాదు గాని గజ్జల్లో పేగు జారే హెర్నియా వున్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గర్భిణులు వైద్యుని అడిగి గాని క్లాసుకు పోరాదు. షుగరువల్ల కంటిలో నెత్తురు నాళాలు చెడినవారు బలంగా ముక్కి ఎత్తకూడదు. మీరు కంటి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు చేసుకోండి. ఏడాది దాటితే ముందు అది చేయించండి. మీరు వాడే మాత్ర గ్లిమిపిరైడ్ వంటిదైతే, లేదా ఇన్సులిన్ తీసుకునేవారైతే, వ్యాయామంలో చక్కెర పడిపోయే వీలుంది. పర్సులో నాలుగు చెంచాల పంచదార పొట్లం వుంచుకోండి. చెమటలు పట్టి, వణుకు వస్తే నోట్లో వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం చాలా తక్కువ.

మన జిల్లావారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఇక్కడ చాలా పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లమీద గోధుమరంగు మచ్చలు, మెడ, నడుం బిగుసుకుపోవడం చూస్తుంటాం. ఆ ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా, పెళుసుగా వుంటుంది. చిన్నప్పటి నుంచి అటువంటి నీళ్లు తాగి, మెడ వంచడం కష్టమైనవారు ఎముకల డాక్టరు సలహా లేకుండా రాడ్డు భుజాలకెత్తుకోవద్దు.

రక్తహీనత కూడా చూసుకోవాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తం తక్కువని తేలింది. రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేవారు ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఏం తినాలి, ఎంత తాగాలి?

జిమ్ములో డబ్బాల్లో అమ్మే పొడులు కొనవద్దు. ఏం కలిపారో తెలియని పొడికి వేలు పోయడమెందుకు? 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు అవసరమని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువులెత్తేవారికి ఇంకొంచెం కావాలి. మన వంటింట్లోనే అది వుంది. గుప్పెడు శెనక్కాయల్లో, అంటే 30 గ్రాముల్లో, ఏడు గ్రాములకు పైగా వుంటాయి. రెండు కోడిగుడ్లలో 12. పప్పు, ఉలవలు గుప్పెడేసి వండితే ఆరేడు చొప్పున. పెద్ద గ్లాసు పెరుగులో ఆరు. రాగి సంగటిలో ఇవే కాక ఎముకకు కావలసిన కాల్షియం కూడా దండిగా వుంది. ఉలవకట్టు, సంగటి, పైన గుప్పెడు శెనక్కాయల పొడి. ఇంతకంటే గొప్ప డబ్బా ఏముంది? షుగరుంది గనుక సంగటి ముద్ద పరిమాణం మాత్రం చూసుకోండి. మూత్రపిండాల జబ్బున్నవారు మాంసకృత్తులు పెంచేముందు వైద్యుని అడగాలి.

మన ఎండలు మీకు నేను చెప్పాలా? మార్చి నుంచి జూన్ దాకా రేకుల షెడ్డులో మధ్యాహ్నం క్లాసుకు వెళ్లవద్దు. పొద్దున్నే గాని, పొద్దుగూకాక గాని వెళ్లండి. అరగంట ముందు ఒక గ్లాసు, మధ్యలో గుక్క గుక్కగా, తర్వాత మరో గ్లాసు నీళ్లు తాగండి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ మేలు. పరగడుపున వెళ్లవద్దు. గంటన్నర ముందు ఏదైనా కొంచెం తినండి.

చివరి మాట

జిమ్ముకు డబ్బు కట్టే స్తోమత లేనివారు నిరుత్సాహపడవద్దు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలతో పైకెత్తడం — వీటితో కూడా మొదలుపెట్టవచ్చు. పొలంలో, ఉపాధి పనుల్లో రోజంతా గడ్డపార వేసే అక్కచెల్లెళ్లకు నేను జిమ్ము చెప్పను. వారికి కావలసింది కడుపునిండా తిండి, విశ్రాంతి.

సోదరీ, మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో ఈ వ్యాయామం మీకంటే ఎక్కువ అవసరమైనది మీ అత్తమ్మ గారికి. ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగి, ఒక ఫిజియోథెరపిస్టు చేత నేర్పించండి. గోడకు ఆనించిన గట్టి చేతుల కుర్చీ ఒకటి. మీరు పక్కనే నిలబడి వుండాలి. మొదట ఆమె చేతులతో నొక్కి లేస్తారు, రోజుకు మూడుసార్లో నాలుగుసార్లో. తర్వాత ఎన్నయితే అన్ని. తొంభై ఏళ్లవాళ్లు కర్ర వదిలిన సంగతి ఆమెకు చెప్పండి.

మీరు మంగళవారం, శుక్రవారం క్లాసుకు వెళ్లండి. మూడు నెలల తర్వాత నేలమీద కూర్చుని, చెయ్యి ఆనకుండా లేవగలిగారో లేదో నాకు ఉత్తరం రాయండి. అత్తమ్మ గారు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో కూడా రాయండి. నా సంగతి అంటారా? వచ్చే వారం నుంచి ఒట్టి రాడ్డుతో మళ్లీ వెళ్తున్నాను. పక్కవాళ్ల వైపు చూడను.